రైలుబండికి కళ్లెము

వేగముగా పోవు బండిని నడుపుట యొక విద్య. దానిని తలచిన చోట నిలుపుట యంతకంటె కష్టమైన విద్య. పందొమ్మిదవ శతాబ్దమున రైలుబండ్ల వేగము నానాటికి పెరుగుచుండెను. కాని వానిని నిలుపు సాధనము మాత్రము పాతదిగనే యుండెను. ఇంజను డ్రైవరు కూత వేయగనే బ్రేకు పనివారు పెట్టెల పైకప్పులమీద పరుగెత్తి, ఒక్కొక్క పెట్టెకున్న చేతిచక్రమును త్రిప్పి బ్రేకులు బిగింపవలసి యుండెను. వానలలో, మంచులో కాలుజారి పడి మరణించినవారు, అంగహీనులైనవారు పెక్కురు. ఈ దురవస్థను తొలగించిన మహనీయుడు జార్జి వెస్టింగ్‌హౌస్.

ఇతడు 1846వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీన అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున సెంట్రల్ బ్రిడ్జి అను గ్రామమున జన్మించెను. తండ్రి వ్యవసాయ యంత్రములు తయారుచేయు కర్మాగారమునకు యజమాని. బాలునకు పుస్తకములకంటె పనిముట్లపై మక్కువ మెండు. అంతర్యుద్ధకాలమున సైన్యమునందును, పిమ్మట నౌకాదళమునందును పనిచేసెను. యుద్ధానంతరము కళాశాలలో చేరినను, కొలది నెలలకే విడిచి తండ్రి కర్మాగారమునకు మరలెను.

1866లో ఒకనాడు అతడు స్కెనెక్టడీ, ట్రాయ్ పట్టణముల నడుమ ప్రయాణము చేయుచుండగా, త్రోవలో రెండు గూడ్సు బండ్లు ఢీకొనుటచే అతని బండి ఆగిపోయెను. అచ్చట పట్టాలు తిన్నగా నుండెను. నేల చదునుగా నుండెను. డ్రైవర్లిద్దరును ఒకరి బండి నొకరు దూరమునుండియే చూచిరి. అయినను సకాలమున నిలుపలేకపోయిరి. కన్ను చూచినను చేయి నిలుపలేని ఈ నిస్సహాయత ఇరువదియేండ్ల ఆ యువకుని మనసున గాఢముగా నాటుకొనెను.

ఇంజను వేగము తగ్గినప్పుడు వెనుకనున్న పెట్టెలు ముందునకు నెట్టుకొనివచ్చును గదా! ఆ నెట్టుడు బలము చేతనే ప్రతిపెట్టెకును బ్రేకు పడునట్లు చేయవచ్చునని అతనికి మొదట తోచెను. విచారింపగా, పొడవైన బండికి ఆ పద్ధతి పొసగదని తేలెను. పిమ్మట ఇంజనునుండి గొలుసులాగి బ్రేకు బిగించు మార్గమును పరిశీలించెను. అదియు కొలది పెట్టెలకే చాలునని తెలిసెను. గొట్టముల ద్వారా ఆవిరిని పంపవచ్చునా యని యోచించెను. ఆవిరి దారిలో చల్లబడి నీరగుచుండెను. ఇట్లు చిక్కుపడియున్న సమయమున ఒక పత్రికలో అతడు ఆల్ప్స్ పర్వతములలో మాంట్ సెనిస్ సొరంగము త్రవ్వకమును గూర్చి చదివెను. అచ్చట మూడువేల అడుగుల దూరమునకు సైతము గొట్టములగుండ గాలిని ఒత్తిడితో పంపి, రాతిని తొలుచు యంత్రములను నడుపుచుండిరి. గాలి చల్లబడి నీరు కాదు. అతడు వెదకుచున్న సాధనము దొరకెను.

అతడు పిట్స్‌బర్గ్ నగరమునకు చేరి, తన బ్రేకును ఒక ప్రయాణికుల బండికి అమర్చి, రైల్వే అధికారులను ఎక్కించుకొని పరీక్షకు బయలుదేరెను. బండి సొరంగమునుండి వెలువడునంతలో ఎదుట పట్టాలకడ్డముగా ఒక గుఱ్ఱపుబండి కనబడెను. గుఱ్ఱములు బెదరి, తోలువాడు పట్టాలమీద పడెను. డ్రైవరు తటాలున గాలిని వదలగా బ్రేకులు బిగిసెను. అధికారులు ఆసనములనుండి తూలిపడిరి. రైలు ఆ మనుష్యునికి కొలది అడుగుల దూరమున నిలిచిపోయెను. అంతకుమించిన పరీక్ష యేమి కావలెను? 1869వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీన వెస్టింగ్‌హౌసుకు ఆ బ్రేకుపై పేటెంటు లభించెను.

అయినను అందొక పెద్దలోపము కలదు. గాలి వచ్చినప్పుడే బ్రేకు పడును. గొట్టము పగిలినను, బండి నడుమ తెగినను గాలి పోవును. దానితో బ్రేకును పోవును. ఎప్పుడు మిక్కిలి అవసరమో అప్పుడే సాధనము పనిచేయకుండును. 1872 ప్రాంతమున అతడు తన యేర్పాటునే తలక్రిందులు చేసెను. ప్రతిపెట్టెకును గాలిని నిలువచేయు పాత్ర నొకదానిని, ట్రిపుల్ వాల్వు అను కవాటము నొకదానిని అమర్చెను. గొట్టములో ఒత్తిడి నిండుగా నున్నంతకాలము బ్రేకులు సడలియుండును. ఒత్తిడి తగ్గినంతనే కవాటము తెరచుకొని, పాత్రలోని గాలి ముషలకమును నెట్టి చక్రములను పట్టుకొనును. కనుక గొట్టము పగిలినచో బండి తనంతట తానే నిలిచిపోవును.

1886లో బర్లింగ్టన్ వద్ద ఏబది పెట్టెల గూడ్సు బండిపై పరీక్షలు జరిగెను. ముందు పెట్టెలకు బ్రేకు పడిన కొంతసేపటికి గాని వెనుక పెట్టెలకు పడదయ్యెను. ఆలోపల వెనుకటివి ముందటివానిని భయంకరముగా గ్రుద్దుచుండెను. మరుసటి యేడును ఫలితము తృప్తికరము కాలేదు. వెస్టింగ్‌హౌస్ ఓటమిని దాచుకొనక, కొలది నెలలలోనే కవాటమును సంస్కరించి, ఏబది పెట్టెలును నెమ్మదిగా నిలుచునట్లు చేసెను. 1893లో అమెరికా ప్రభుత్వము రైళ్లకు ఇట్టి బ్రేకులుండవలెనని చట్టము చేసెను. పైకప్పులపై పరుగెత్తు ప్రమాదము పనివారికి క్రమముగా తప్పెను.

విద్యుచ్ఛక్తిని దూరప్రాంతములకు పంపుటయందును వెస్టింగ్‌హౌస్ కీర్తిగడించెను. 1907 నాటి ఆర్థికసంక్షోభమున తన విద్యుత్ సంస్థపై అధికారమును కోల్పోయెను. 1914వ సంవత్సరము మార్చి 12వ తేదీన న్యూయార్కు నగరమున మరణించెను.

నేడు మన రైలులో ఆపత్సమయమున గొలుసు లాగినచో గొట్టములోని గాలి బయటికి పోయి బ్రేకులు పడును. అది అతని యూహయే. అతడు మొదట విడిచిపెట్టిన ఆలోచనకును వేరొకచోట ప్రయోజనము కలిగెను. పడవలను మోసికొని కారు వెనుక సాగు బండ్లలో, కారు వేగము తగ్గగనే వెనుకబండి ముందునకు నెట్టును. ఆ నెట్టుడుతో గొట్టములోని నూనె ఒత్తబడి బ్రేకులు బిగియును. సాధనము పనిచేసినప్పుడు సంతసించుటతో తృప్తిపడక, అది చెడినప్పుడు మనుష్యుని గతి యేమని యోచించుటయే వెస్టింగ్‌హౌస్ గొప్పతనము.