జోసెఫ్ ఫోరియర్ (1768–1830)

నేటి ప్రయోగశాలలలో మనము కోరిన ఆకారము గల విద్యుత్తరంగమును పుట్టించు యంత్రమొకటి కలదు. దానికి మూలమైన గణితతత్త్వమును లోకమునకు తెలిపిన మహనీయుడు విద్యుద్దీపము లేని కాలమున కొవ్వొత్తి వెలుతురున చదువుకొనినవాడు. ఆయనయే ఫ్రాన్సు దేశీయుడగు జోసెఫ్ ఫోరియర్. గొప్ప పండితులు సంశయించినను తన సిద్ధాంతమును విడువని ఆయన చరిత్రము విద్యార్థులకు తెలిసికొనదగినది.

ఫోరియర్ 1768వ సంవత్సరము మార్చి 21వ తేదీన ఓసేర్ పట్టణమున ఒక దర్జీవాని యింట జన్మించెను. తొమ్మిదవ యేట తల్లియు, మరుసటి యేట తండ్రియు గతించిరి. దిక్కులేని ఆ బాలుడు బెనెడిక్టైన్ సన్యాసులు నడుపుచున్న సైనిక పాఠశాలలో చేర్పబడెను. అచట గణితమునందు అతనికి మిక్కుటమైన ఆసక్తి కలిగెను. పగటి కాలము చాలక, మిగిలిన కొవ్వొత్తి ముక్కలను ప్రోగుచేసికొని రాత్రులు లెక్కలు చేయుచుండెడివాడని చెప్పుదురు. ఫిరంగి దళమున చేరగోరెను గాని, ఉన్నత వంశజుడు కానందున ఆ కోరిక నెరవేరలేదు. పిమ్మట సన్యాసి కాదలచి మఠమున ప్రవేశించి, దీక్ష గైకొనకయే 1789లో వెడలివచ్చి, తాను చదివిన పాఠశాలలోనే ఉపాధ్యాయుడయ్యెను.

అప్పుడు ఫ్రాన్సున మహావిప్లవము చెలరేగెను. 1794లో ఫోరియర్ చెరసాల పాలయ్యెను. ఆ దినములలో చెరలోనివారికి ప్రాణములపై ఆశ యుండెడిది కాదు. రోబెస్పియెర్ పతనము వలన ఆయన బ్రతికి బయటపడెను. 1798లో నెపోలియనుతో ఈజిప్టునకేగి, కైరోలోని విద్వత్పరిషత్తునకు కార్యదర్శిగా పనిచేసి 1801లో తిరిగివచ్చెను. మరుసటి సంవత్సరము గ్రెనోబుల్ ముఖ్యపట్టణముగా గల ఇజేర్ మండలమునకు పాలనాధికారిగా నియమింపబడెను. బూర్గ్వాన్ ప్రాంతపు చిత్తడి నేలలలోని నీటిని తీయించి సాగునకు తెచ్చుట ఆయన చేసిన మేళ్లలో నొకటి.

ఈ అధికార భారము నడుమనే ఆయన ఒక గొప్ప ప్రశ్నను చేపట్టెను. లోహములో వేడి ఒక చోటినుండి మరియొక చోటికి ఏ విధముగా ప్రాకును? ఇందుకు సమాధానముగా, ఎట్టి వక్రరేఖనైనను అనేక సామాన్య తరంగముల మొత్తముగా విడదీయవచ్చునని ఆయన చెప్పెను. ఉదాహరణమునకు చదరపు తరంగమును తీసికొందము. మొదట ఒక సామాన్య తరంగమును గీయుడు. దానికి మూడు రెట్ల వేగముతో కంపించుచు మూడవ వంతు ఎత్తుగల తరంగమును కలుపుడు. పిదప అయిదు రెట్ల వేగము, అయిదవ వంతు ఎత్తు గలదానిని కలుపుడు. ఇట్లు బేసి సంఖ్యల క్రమమున కలుపుచు పోయినకొలది మూలలు ఏర్పడుచుండును.

1807 డిసెంబరులో ఈ వ్యాసమును పారిసులోని విద్వత్పరిషత్తునకు సమర్పించెను. మూలలు గల ఆకారము నునుపైన తరంగములనుండి పుట్టునను మాటను లగ్రాంజ్ అంగీకరింపలేదు. ఫోరియర్ మరల 1811లో వ్యాసమును పంపగా, మరుసటి సంవత్సరము బహుమానము లభించెను. కాని నిరూపణ చాలదను ఆక్షేపణ దానితోకూడ వచ్చెను. ఆయన కలత చెందక పనిచేసి, 1822లో ఉష్ణమును గూర్చిన తన మహాగ్రంథమును ప్రకటించెను. 1829లో డిరిక్లే అను జర్మను గణితవేత్త, ఏ నియమములకు లోబడి ఈ సిద్ధాంతము చెల్లునో నిరూపించెను. మరుసటి సంవత్సరము మే 16వ తేదీన ఫోరియర్ పారిసులో కన్నుమూసెను.

ఆయన సిద్ధాంతము నేడు పైన చెప్పిన యంత్రమునందు ప్రత్యక్షమగుచున్నది. కావలసిన తరంగపు ఎత్తులను వరుసగా అంకెలలో వ్రాసి యంత్రపు మెమరీయందు నిలువచేయుదురు. డిజిటల్-టు-అనలాగ్ కన్వర్టర్ అను భాగము ఒక్కొక్క అంకెను దానికి తగిన వోల్టేజీగా మార్చును. 14 బిట్ల కన్వర్టరు 16,384 వేరువేరు వోల్టేజీలను ఈయగలదు. సెకనునకు 100 కోట్ల అంకెలను మార్చునవియు కలవు. అంకెలను మార్చినచో తరంగము మారును. గుండె కొట్టుకొనునప్పటి విద్యుత్తరంగమును గాని, రాడారు సంకేతమును గాని పుట్టింపవచ్చును. అయితే కన్వర్టరునుండి వెలువడు తరంగము మెట్లు మెట్లుగా నుండును. ఆ మెట్ల అంచులు అక్కరలేని శీఘ్ర తరంగముల వలన ఏర్పడినవని ఫోరియర్ గణితము తెలుపును. కావున ఫిల్టరుచే వానిని వడకట్టుదురు.

ఈ యంత్రమునకు ఒక హద్దు కలదు. సెకనునకు 100 కోట్ల అంకెలను మార్చు యంత్రము 50 కోట్ల కంపనములకు లోబడిన తరంగములనే సరిగా నీయగలదు. దీనితో 10 కోట్ల కంపనముల చదరపు తరంగమును కోరినచో మొదటిదియు, మూడు రెట్లదియు మాత్రమే నిలుచును, అయిదు రెట్లది హద్దును తాకును, మూలలు గుండ్రనగును. పరిమితమైన తరంగములతో పదునైన మూల రాదు గనుక లగ్రాంజ్ సంశయము కేవలము నిరర్థకము కాదు. తరంగములు పెరిగినకొలది ఆకారము మరింత సమీపించును గనుక ఫోరియర్ మాటయు తప్పుకాలేదు.

విద్యార్థులారా! పెద్దల ఆక్షేపణకు ఫోరియర్ కోపముతో గాక మరింత శ్రమతో బదులు చెప్పెను. మీ లెక్కను ఉపాధ్యాయుడు త్రోసివేసిన దినమున ఈ అనాథ బాలుని తలచుకొని, దానిని మరియొకసారి చేసి చూడుడు.