యంత్రవిద్యా కుశలుడు జి. డి. నాయుడు

ఒక యంత్రమును విప్పుట ఎవరికైనను సాధ్యమే. విప్పిన భాగములను తిరిగి యథాస్థానమున అమర్చి, ఆ యంత్రమును మునుపటివలె నడిపించుటకు మాత్రము తెలివియు, ఓర్పును, జ్ఞాపకశక్తియు కావలెను. ఈ మూడు గుణములనే మూలధనముగా జేసికొని, ఉన్నతవిద్య లేని యొక పల్లెటూరి బాలుడు భారతదేశమున పేరుగాంచిన యంత్రనిర్మాతలలో నొకడయ్యెను. అతడే గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకము ఆయనను జి. డి. నాయుడని పిలిచెను.

నాయుడు 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన కోయంబత్తూరు సమీపమునగల కలంగల్ గ్రామమున జన్మించెను. విజయనగర ప్రభువుల కాలమునను, ఆ తరువాతను పెక్కు తెలుగు కుటుంబములు తమిళదేశమునకు తరలిపోయి, అచట సేద్యము చేసికొనుచు స్థిరపడినవి. చుట్టును తమిళము వినవచ్చుచున్నను ఇంట తెలుగును విడువని కుటుంబములు ఆ ప్రాంతమున నేటికిని కలవు. నాయుడు అట్టి వ్యవసాయ కుటుంబమున పుట్టినవాడు. బడిచదువుపై ఆయనకు మనసు నిలువలేదు. అది ప్రాథమిక తరగతులతోనే ముగిసెను. అయినను తెలిసికొనవలెనను కోరిక మాత్రము ముగియలేదు.

ఆ రోజులలో మోటారు సైకిలు పల్లెలలో కానరాని వింత. ఒకనాడు ఆంగ్లేయుడైన రెవిన్యూ అధికారి యొకడు రడ్జ్ అను పేరుగల మోటారు సైకిలుపై ఆ ప్రాంతమునకు వచ్చెను. ఎద్దు లేక, గుఱ్ఱము లేక, త్రొక్కువాడు లేక తనంతట తాను పరుగిడు ఆ వాహనమును నాయుడు కన్నులార్పక చూచెను. చూచి ఆశ్చర్యపడినవారు మరికొందరుండవచ్చును. కాని ఆశ్చర్యము నాయుని హృదయమున సంకల్పముగా మారెను. అట్టి వాహనమును తాను సంపాదింపవలెను. దాని లోపలి మర్మమును తెలిసికొనవలెను. ఇదియే ఆ సంకల్పము.

సంకల్పమునకు ధనము తోడుకావలెను గదా! నాయుడు ఇల్లు విడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో వడ్డించు పనికి కుదిరెను. పని చిన్నదని ఆయన సిగ్గుపడలేదు. వచ్చిన జీతమున తిండికిని బట్టకును పోగా మిగిలిన ప్రతి కాసును కూడబెట్టెను. తుదకు ఆ సొమ్ముతో మోటారు సైకిలును కొనెను. కొన్నవాడు దానిపై ఊరేగి తృప్తిపడక, దానిని భాగములుగా విప్పెను. ఇందలి సాహసమును గమనింపుడు. తన కష్టార్జితమంతయు ఆ యంత్రమునందే యున్నది. బోధించు గురువు లేడు. ఒక్క భాగము విరిగినను, కూర్పు తెలియక తికమకపడినను, ఆ శ్రమఫలమంతయు ఇనుపముక్కల కుప్పగా మిగిలెడిది.

ఆనాటి మోటారు సైకిళ్లలో ముందు చక్రమును పట్టియుండు కవయందు మాత్రమే కుదుపుల నోర్చుటకు స్ప్రింగు ఉండెడిది. వెనుక చక్రము చట్రమునకే గట్టిగా బిగింపబడి యుండెడిది. రాళ్ల బాటలలో ప్రతి గతుకును ఆ స్ప్రింగును, దానిని పట్టియుండు బోల్టులును భరింపవలెను. దుమ్మును, తడియు మరలలో చేరగా ఇనుము త్రుప్పు పట్టును. త్రుప్పు తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటు నాక్రమించును. అందుచే బోల్టునకును నట్టునకును నడుమ ఖాళీ పూడిపోయి, రెండును ఒకే ముద్దయైనట్లు బిగిసికొనును. సముద్రతీర నగరములలో ఉప్పుగాలివలన ఈ బాధ మరింత అధికము. 1933లో ప్రారంభమైన విశాఖపట్టణపు రేవునందును, 1941లో శంకుస్థాపన జరిగిన అచటి నౌకానిర్మాణ కేంద్రమునందును, పిమ్మట వెలసిన ఉక్కు కర్మాగారమునందును త్రుప్పుతో పోరాడుట పనివారికి నిత్యకృత్యము.

బిగిసిన బోల్టును బలముతో జయింప జూచువాడు ఓడిపోవును. తొందరపడి త్రిప్పినచో దాని తల విరిగి, మొండెము లోపలనే మిగిలిపోవును. సరిపడని స్పానరు పెట్టినచో కోణములు అరిగి పట్టు తప్పును. అనుభవము గలవాడు మొదట త్రుప్పును గీకి తుడుచును. మరలలోనికి దిగునట్లు కిరసనాయిలో పలుచని నూనెయో పోసి కొన్ని గంటలు, అవసరమైనచో ఒక రాత్రి, వేచియుండును. పిదప బోల్టు తలపై సుత్తితో మెల్లగా తట్టి త్రుప్పు పట్టును సడలించును. సరియైన స్పానరు తొడిగి, కొంచెము బిగువు వైపునకును, కొంచెము వదులు వైపునకును త్రిప్పుచు దానిని దారికి తెచ్చును. అప్పటికిని కదలనిచో, నూనెను తుడిచివేసి, పెట్రోలును దూరముగా నుంచి, నట్టును వేడిచేయును. బోల్టుకంటె ముందుగా నట్టు వేడెక్కి వ్యాకోచించుటచే పట్టు సడలును. సామాన్యముగా నట్టు గడియారపు ముల్లునకు ఎదురుదిశలో ఊడివచ్చును. కాని సైకిలు ఎడమ పెడలువలె విపరీతపు మరలు గల భాగములును కొన్ని యుండును. ఆ సంగతి ఎరుగనివాడు విప్పుచున్నానని తలచి మరింత బిగించును!

విప్పినంతమాత్రమున పని ముగియదు. ఏ భాగము దేని తరువాత వచ్చినదో గుర్తుంచుకొనవలెను, వరుసగా పేర్చుకొనవలెను, మరలను శుభ్రపరచి, తిరిగి త్రుప్పు పట్టకుండ కొవ్వునూనె పూయవలెను. ఇట్టి ఓర్పు లేనివాడు నాడు నాయుడు తలపెట్టిన పనిని నెరవేర్పజాలడు. నాయుడు ఆ మోటారు సైకిలును తిరిగి కూర్చెను. అది మరల నడచెను. నాటినుండి ఆయన యంత్రముల పనివాడయ్యెను.

1920లో నాయుడు ఒకే ఒక బస్సుతో పొల్లాచి, పళని పట్టణముల నడుమ ప్రయాణికుల రవాణా ప్రారంభించెను. అదియే క్రమముగా యూనివర్సల్ మోటార్ సర్వీసు అను పెద్ద సంస్థగా పెరిగి, దక్షిణదేశమున ఖ్యాతిగాంచెను. యంత్రమును తన చేతులతో విప్పి కూర్చినవాడు యజమాని యైనప్పుడు, బండి ఎందుకు నిలిచినదో ఒకరు చెప్పగా వినవలసిన పని లేదు గదా.

1937లో డి. బాలసుందరము నాయునితో గలిసి, పీలమేడునందలి తన కర్మాగారమున, మన దేశమున తయారైన తొలి విద్యున్మోటారును నాయుడు వెలువరించెను. నేడు కోయంబత్తూరు మోటారులకును పంపులకును ప్రసిద్ధికెక్కిన నగరము. ఆ ప్రసిద్ధికి పునాది వేసినవారిలో నాయుడొకడు. బ్యాటరీతో నడచు క్షౌరయంత్రము, మిక్కిలి పలుచని క్షౌరపు బ్లేడు, పండ్లరసము తీయు యంత్రము, కిరసనాయిలుతో తిరుగు పంకా, మోసమునకు తావీయని ఓటు యంత్రము మున్నగునవి ఆయన బుద్ధినుండి వెలువడినవి. 1952లో ఇద్దరు కూర్చుండదగిన చిన్న కారును రెండువేల రూపాయల వెలకు తయారుచేసెను. కాని ప్రభుత్వము అనుమతి నీయనందున ఆ కారు నిర్మాణము నిలిచిపోయెను. త్రుప్పుపట్టిన బోల్టును నూనెతో వదలింపవచ్చును. మనుష్యులు బిగించిన ముడులు అన్నియు అట్లు వీడవు. అయినను నాయుడు నిరుత్సాహపడి చేతులు ముడుచుకొనలేదు.

తనకు లభింపని విద్య యువకులకు లభింపవలెనని ఆయన ఆశించెను. 1945లో ఆయన పూనికతో కోయంబత్తూరునందు ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్కును, ఇంజనీరింగు కళాశాలయు వెలసినవి. బడిని మధ్యలో విడిచినవాడు కళాశాలకు ప్రధానాచార్యుడయ్యెను! శ్రద్ధగా నేర్పినచో నాలుగేండ్ల చదువునకు రెండేండ్లు చాలునని ఆయన విశ్వసించెను. ప్రభుత్వము అందుల కంగీకరింపకపోగా, తన విశ్వాసమును మార్చుకొనలేక పదవిని విడిచెను. ఆ కళాశాల నేడు ప్రభుత్వ సాంకేతిక కళాశాలయై విలసిల్లుచున్నది.

1974వ సంవత్సరము జనవరి 4వ తేదీన నాయుడు దివంగతుడయ్యెను.

నాయుడు బడి విడిచెనుగాన మనమును విడువవచ్చునని ఎవరును భ్రమపడరాదు. ఆయన విడిచినది బడిని, విద్యను కాదు. విద్యకొరకు ఆయన వడ్డన చేసెను. కష్టార్జితమును పణముగా పెట్టెను. ఇనుప తునకల నడుమ ఓర్పుతో కూర్చుండెను. విప్పుటకు కుతూహలము చాలును. కూర్చుటకు నిష్ఠ కావలెను. కుతూహలమునకు నిష్ఠను జతపరచినవాని చేతిలో బిగిసిన మర యైనను, బిగిసిన బ్రతుకైనను ఒకనాటికి కదలక తప్పదు.