స్వస్థచిత్తుడైన క్లిఫర్డ్ బీర్స్

మార్కు సువార్త 5వ అధ్యాయములో, సమాధులలో నివసించిన మనుష్యుని ఊరివారు గొలుసులతో బంధించిరి. ప్రభువు అతనిని స్వస్థపరచి ఇంటివారియొద్దకు పంపెను. అట్టి బాధననుభవించిన యొకని జీవితమును ఈ మాసము మీ ముందుంచుచున్నాము.

క్లిఫర్డ్ బీర్స్ 1876లో అమెరికాలోని న్యూ హేవెన్‌లో జన్మించెను. అన్నకు మూర్ఛరోగము వచ్చెను. తనకును వచ్చునను భయము అతని మనస్సును చెరచెను. 1900లో మేడ కిటికీనుండి దూకెను గాని బ్రతికెను. పిమ్మట 1903 వరకు మూడు ఆసుపత్రులలో చేర్చబడెను. తన్ను చూడవచ్చు బంధువులు మారువేషగాండ్రని అతడు భ్రమపడెను. 1902లో, తాను వ్రాసిన ఉత్తరమునే గురుతుగా పట్టుకొని సోదరుడు రాగా ఆ భ్రమ తొలగెను. అయినను అతని మనస్సు ఇంకను కుదుటపడలేదు. శిక్షణ లేని పరిచారకులు కొట్టిరి. చేతులు కదలనియ్యని చొక్కా తొడిగి చలిగదిలో ఉంచిరి.

స్వస్థుడైన పిమ్మట 1908లో ఈ సంగతులను పుస్తకముగా ప్రకటించెను. 1909లో రోగుల మేలుకొరకు జాతీయ సంఘమును స్థాపించెను. 1939లో వ్యాధి తిరుగబెట్టగా తానే ఆసుపత్రిలో చేరి, 1943లో అక్కడనే మరణించెను. అందుచేత అతని సేవ వ్యర్థము కాలేదు.

మన దేశములో 1912 చట్టము ప్రకారము రోగిని చేర్చుటకు మేజిస్ట్రేటు ఉత్తరువు కావలసియుండెను. 2017 చట్టము రోగికి గొలుసు వేయుటనే నిషేధించినది. మన సిద్దిపేట పల్లెలలో అట్టివారున్నయెడల కట్టివేయక, ఎర్రగడ్డ ఆసుపత్రికి తోడుకొనిపోవుదము. చేర్చి మరువక, ఆ సోదరునివలె వెళ్లి పలుకరింతము. ఇంటికి వచ్చినప్పుడు ఆరాధనలో మన ప్రక్కనే చోటిత్తము.