గాల్వానీ కప్ప నుంచి షుగర్ పుండు దాకా

మన ఒంట్లోనే కరెంట్ ఉందని ప్రయోగాలతో చూపించి, చివరిదాకా ఆ మాట మీదే నిలబడిన మనిషి లూయీజీ గాల్వానీ. భౌతిక శాస్త్రవేత్త అనుకుంటారు గానీ, ఆయన డాక్టర్. 1737లో ఇటలీలోని బొలోన్యాలో పుట్టారు. అక్కడే వైద్యం చదివి, అక్కడే శరీర నిర్మాణ శాస్త్రం, ప్రసూతి వైద్యం బోధించారు. షుగర్ పుండును కరెంట్‌తో మాన్పుతారటగా అని ఇప్పుడు ఓపీలో అడిగేవారికి నేను ఈయన దగ్గర్నుంచే చెబుతుంటాను.

1762లో గాల్వానీ తన గురువు కూతురు లూచియాను పెళ్లాడారు. ప్రయోగాల్లోనూ ఆమె తోడుండేది. 1780ల్లో ఒకసారి చర్మం ఒలిచిన కప్ప కాళ్లు బల్ల మీద ఉన్నాయి. కాస్త దూరంలో రవ్వలు పుట్టించే విద్యుత్ యంత్రం ఉంది. సహాయకుడొకరు కత్తి మొనను కప్ప నరానికి తాకించిన క్షణంలోనే యంత్రంలో రవ్వ ఎగిసింది. చచ్చిన కప్ప కాలు తన్నుకుంది. ఆ తర్వాత ఇత్తడి కొక్కేలు గుచ్చి ఇనుప కమ్మీలకు వేలాడదీస్తే, యంత్రం లేకుండానే కాళ్లు కదిలాయి. ఈ విద్యుత్తు జీవిలోదేనని ఆయన తేల్చారు. ఆ సంగతులన్నీ 1791లో పుస్తకంగా వచ్చాయి. చూడటానికి లూచియా లేదు. ఆమె అంతకు ముందే కన్నుమూసింది.

పావియాలోని ప్రొఫెసర్ వోల్టా మొదట మెచ్చుకుని, తర్వాత అడ్డం తిరిగారు. కరెంట్ కప్పది కాదు, తగిలిన రెండు లోహాలదని వాదించారు. దాంతో 1794లో గాల్వానీ లోహమే వాడలేదు. కోసిన నరం కొసను నేరుగా కండరానికి తాకించారు. కాలు కదిలింది! కోసిన చోటికీ కోయని చోటికీ మధ్య చిన్నపాటి విద్యుత్ తేడా ఉంటుందని తర్వాతి తరాలకు గానీ అర్థం కాలేదు. నన్నడిగితే ఆయన చేసినవాటిలో గొప్పది ఇదే. పాఠ్యపుస్తకాలు మాత్రం ఇనుప కమ్మీల దగ్గరే ఆగిపోతాయి.

1798లో, నెపోలియన్ సేనలు నిలబెట్టిన కొత్త ప్రభుత్వానికి విధేయత ప్రమాణం చేయనన్నందుకు ఆయన ఉద్యోగం పోయింది. అదే ఏడాది డిసెంబరు 4న మరణించారు. 1800లో వోల్టా బ్యాటరీని ప్రకటించడంతో గాల్వానీ ఓడిపోయారనే అనుకున్నారంతా. నిజానికి ఇద్దరి మాటలోనూ సగం సగం నిజముంది.

బెర్లిన్‌కు చెందిన డుబ్వా రేమాన్ 1840ల్లో తన వేలికే గాయం చేసుకుని, అందులోంచి వచ్చే కరెంట్‌ను కొలిచారు. కొలిచిన సాధనం గాల్వానీ పేరే పెట్టుకున్న గాల్వనోమీటర్. చర్మం ఒక చిన్న బ్యాటరీ లాంటిది. పై పొరకూ లోపలికీ మధ్య పదుల మిల్లీవోల్టుల తేడా ఉంటుంది. చర్మం తెగితే అక్కడ కరెంట్ పారుతుంది. చుట్టుపక్కల కణాలు ఆ దిశను పట్టుకుని గాయం వైపు పాకుతాయి. మధుమేహమున్న ఎలుకల కంటి గాయాల్లో ఈ కరెంట్ బలహీనంగా ఉన్నట్టు పరిశోధకులు గుర్తించారు.

తగ్గిన ఆ కరెంట్‌ను బయటి నుంచి అందించాలన్నదే ఈ చికిత్స ఆలోచన. పుండు మీదో, పక్కనో ఎలక్ట్రోడ్లు పెట్టి స్వల్ప కరెంట్‌ను విడతలుగా పంపుతారు. కొన్ని చిన్న అధ్యయనాల్లో పుండ్లు త్వరగా మానాయి. అయినా షుగర్ పాదాలపై అంతర్జాతీయ నిపుణుల మార్గదర్శకాలు దీన్ని మామూలు చికిత్సకు బదులుగా వాడొద్దనే అంటున్నాయి. పుండు మీద బరువు పడకుండా కట్టు లేదా ప్రత్యేక పాదరక్షలు, చచ్చిన కండ తీసేయడం, ఇన్‌ఫెక్షన్‌కు మందులు, కాలికి రక్తం సరిగా వెళ్తోందో లేదో చూడటం, షుగర్ అదుపు... ఇవి లేకుండా ఎంత కరెంట్ పెట్టినా పుండు మానదు. రోజంతా అదే కాలి మీద నడుస్తుంటే కొత్తగా పుట్టిన కణాలు నలిగిపోతాయి.

ఆన్‌లైన్‌లో కొన్న కరెంట్ పట్టీలను ఇంట్లో పుండున్న కాలికి చుట్టడం మరీ ప్రమాదం. స్పర్శ పోయిన పాదానికి చర్మం కాలినా తెలియదు. ఆసుపత్రిలోనూ పేస్‌మేకర్ ఉన్నవారికి, పుండున్న చోట క్యాన్సర్ ఉన్నవారికి, ఎముకకు పాకిన ఇన్‌ఫెక్షన్‌కు ఇంకా చికిత్స మొదలుకాని వారికి ఈ కరెంట్ పెట్టరు.