పెకింగ్‌లో రవీంద్రుడు: ఒక పేరు, కొన్ని కరపత్రాలు

1924 ఏప్రిల్ 23న రవీంద్రనాథ్ ఠాగూర్ రైల్లో పెకింగ్ చేరేసరికి ఆయనకు 63వ పుట్టినరోజు రెండు వారాల దూరంలో ఉంది. సాహిత్యంలో ఆసియాకు తొలి నోబెల్ తెచ్చిన కవి, జలియన్‌వాలాబాగ్ ఘోరం తర్వాత బ్రిటిష్ వారి ‘సర్’ బిరుదును వద్దన్న మనిషి ఆయన. పిలిచింది లియాంగ్ చిచావో వంటి పండితులు. వెంట చిత్రకారుడు నందలాల్ బోస్, సంస్కృత పండితుడు క్షితిమోహన్ సేన్ ఉన్నారు.

చైనాతో ఆయన బంధం అంతకు చాలా ముందే మొదలైంది. తాత ద్వారకానాథ్ కంపెనీ ఓడలు చైనాకు నల్లమందు మోశాయి. మనవడు 20 ఏళ్ల వయసులో, 1881లో, ఆ నల్లమందు వ్యాపారాన్ని మరణ వ్యాపారంగా దుయ్యబడుతూ ‘భారతి’ పత్రికలో వ్యాసం రాశాడు. ఇంటి సంపద మూలాల్లో ఒకదాన్ని ఆ వయసులో వేలెత్తి చూపడం చిన్న విషయం కాదు.

పెకింగ్ ఆయనకు నచ్చింది. షాంఘై, తియాన్‌జిన్, సొంత ఊరు కలకత్తా అన్నీ వ్యాపారం పెంచిన వికార నగరాలుగా తోచిన మనిషికి ఇక్కడ మామూలు దుకాణాల ముందున్న చిన్నపాటి అలంకరణలు కూడా ముచ్చటేశాయి. బతుకును ప్రేమించే వాళ్ల ఊరిలా కనిపించింది. సింగ్‌హువాలో విద్యార్థులకు ఆ మాటే చెప్పారు. సింహాసనం పోయినా రాజప్రాసాదంలోనే ఉంటున్న మాజీ చక్రవర్తి, కుర్రవాడైన పూయీని కూడా కలిశారు. (అదే ఏడాది నవంబరులో సైనికులు పూయీని అక్కడి నుంచి వెళ్లగొట్టారు.)

అయితే అదే ఊళ్లో అయిదేళ్ల కిందట, 1919 మే 4న, విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. దేశాన్ని విదేశీయులు పంచుకుంటుంటే, లోపల సేనానులు కొట్లాడుకుంటుంటే పాత నాగరికత ఏం కాపాడిందన్నది వాళ్ల ప్రశ్న. కవి మురిసిపోయిన ప్రాచీనతే వాళ్లకు గుదిబండ. 1915లో ‘గీతాంజలి’ కవితలను చైనా భాషలోకి తెచ్చిన చెన్ దూషియూ ఇప్పుడు కమ్యూనిస్టు నాయకుడు. ఠాగూర్‌పై ఘాటుగా రాసిన వారిలో ఆయనా ఒకరు.

మే 8న పెకింగ్ యూనియన్ మెడికల్ కాలేజీ ఆడిటోరియంలో పుట్టినరోజు వేడుక జరిగింది. లియాంగ్ ఆయనకు ‘ఝూ ఝెన్‌దాన్’ అని పేరు పెట్టారు. ఝూ అన్నది భారతదేశానికి చైనీయుల పాత పేరులోని ముక్క. ఝెన్‌దాన్ అంటే ప్రాచీన భారతీయులు చైనాను పిలిచిన ‘చీనస్థానం’. రెండు దేశాలూ ఒకే పేరులో ఇమిడిపోయాయి. తర్వాత ఠాగూర్ నాటకం ‘చిత్ర’ను ఇంగ్లిషులో ఆడారు. నాయిక పాత్ర వేసింది లిన్ హుయియిన్. కవికి నీడలా తిరిగిన దుబాసీ, యువకవి షూ ఝిమో కూడా అందులో నటించాడు.

ఆ తర్వాతి ఉపన్యాసాల్లోనే కరపత్రాలు పంచారు. ఆత్మ గురించి చెప్పి జనాన్ని జోకొడుతున్నారని, మాకు కావలసింది పరిశ్రమలు, బలమైన దేశం అని వాటి సారాంశం. ఆ చైనా అక్షరాల్లో ఏముందో తెలిశాక కవి మనసు నొచ్చుకుంది. కొన్ని ఉపన్యాసాలు రద్దు చేసుకున్నారు. ఆయనను పాశ్చాత్య వ్యతిరేకి అనుకోవడం విద్యార్థుల పొరపాటు. విజ్ఞాన శాస్త్రాన్ని ఆయన ఎన్నడూ కాదనలేదు. కాని ఆ కోపంలో న్యాయముంది. బానిస దేశం నుంచి వచ్చిన అతిథి దేశాభిమానం గురించి జాగ్రత్తలు చెబితే, బానిసలైపోతామేమోనని వణుకుతున్న కుర్రాళ్లకు అది ఎలా రుచిస్తుంది?

ఆయన తలుపులు మూసుకోలేదు. 1928లో తాన్ యున్‌షాన్ అనే యువ చైనా పండితుడు శాంతినికేతన్ వచ్చాడు. 1937 ఏప్రిల్ 14న అక్కడ చీనా భవన్ తెరిచారు. ఆ జులైలోనే జపాన్ చైనాపై పూర్తిస్థాయి యుద్ధానికి దిగింది. జపాన్‌ను వెనకేసుకొచ్చిన పాత మిత్రుడు, కవి నొగుచీకి ఠాగూర్ కటువుగానే జవాబు రాశారు.

1941 ఆగస్టు 7న కన్నుమూయడానికి కొన్ని నెలల ముందు జన్మదినాల గురించి రాసిన కవితల్లో ఒకదానిలో పెకింగ్ పుట్టినరోజును తలచుకున్నారు. వాళ్లిచ్చిన పేరూ తొడిగిన బట్టలూ అందులో ఉన్నాయి. కరపత్రాలు లేవు.