ఓకోయాంగు అడవులలో సువార్త దీపము
మేరీ స్లెసరు దొరసాని గారి జీవితము

మన డయోసిస్ శతవార్షికోత్సవము జరుపుకొనుచున్న ఈ శుభ సమయమున, మన ప్రాంతమునకు సువార్త తెచ్చిన మిషనెరీలను పేరుపేరున స్మరించుకొనుట న్యాయమే. అయితే మన సంఘములకు సంబంధము లేకపోయినను మనము తప్పక తెలిసికొనవలసిన సేవకురాలు మరియొకరు ఉన్నారు. పశ్చిమ ఆఫ్రికాలో, నేటి నైజీరియా దేశపు ఆగ్నేయ భాగమైన కాలబారు ప్రాంతములో 38 సంవత్సరములు పనిచేసి అక్కడనే మట్టిలో కలిసిన మేరీ స్లెసరు దొరసాని గారే ఆమె. మూఢనమ్మకము ఒక గ్రామమంతటిని పట్టుకొని, గుంపు కోపముతో ఊగిపోవునప్పుడు, పరాయి మనిషి ఒక్కరు ఏమి చేయగలరో ఆమె జీవితము మనకు చూపుచున్నది.

మేరీ 1848 డిసెంబరు 2న స్కాట్లండులోని ఆబర్డీను పట్టణమున బీద కుటుంబములో జన్మించారు. తండ్రి చెప్పులు కుట్టే పనివాడు. తల్లి నేతపని చేసేది. మన సంఘ పితరులలో అనేకులు ఎరిగిన పనులే ఇవి. తండ్రి తాగుడుకు బానిసై సంపాదన పాడుచేయగా, భక్తిగల తల్లి రెక్కల కష్టముతో బిడ్డలను పెంచినది. 1859లో కుటుంబము డండీ పట్టణమునకు తరలినది. మేరీ 11 ఏండ్ల ప్రాయములోనే మిల్లులో చేరి ఒక పూట పని, ఒక పూట చదువుగా గడిపారు. కొద్ది ఏండ్లకే ఉదయము 6 గంటల నుండి సాయంత్రము 6 గంటల వరకు మగ్గముల యొద్ద నిలువుకాళ్ల ఉద్యోగము. సందు దొరికినప్పుడెల్లా మగ్గము మీద పుస్తకము ఉంచుకొని చదువుకొనేవారు.

ఆ దినములలోనే డండీ మురికివాడలలో సండేస్కూలు నడిపించారు. కొందరు పోకిరి కుర్రవాళ్లు కూటములను ఆపవలెనని ఆమెను చుట్టుముట్టి, తాడుకు కట్టిన సీసపు ముద్దను ఆమె నుదుటికి దగ్గరగా, ఇంకా దగ్గరగా గిరగిర త్రిప్పారు. ఆమె రెప్ప వేయలేదు, అడుగు వెనుకకు వేయలేదు. చివరకు వారే ముద్దను క్రింద పడవేసి ఆమె వెంట కూటమునకు వచ్చారు. ఓకోయాంగులో ఆమెకు అక్కరకు వచ్చిన ధైర్యము అప్పటికే డండీ వీధులలో అలవడినదని మనము గ్రహించవచ్చును.

కాలబారు మిషను 1846లో ప్రారంభమైనది. ఆ మిషను వార్తలను తల్లి ఇంట చదివి వినిపించేది. ఆఫ్రికాలో డేవిడ్ లివింగ్‌స్టన్ గారు మరణించిన వార్త 1874లో స్వదేశమునకు చేరినప్పుడు, మేరీ తన్ను తాను సేవకు అర్పించుకొనిరి. యునైటెడ్ ప్రెస్బిటీరియను సంఘము ఆమెను అంగీకరించగా, 1876 ఆగస్టు 5న ఓడనెక్కి సెప్టెంబరులో కాలబారు చేరారు. అక్కడి ఎఫీకు భాషను ఆ దేశపు బిడ్డవలె నేర్చుకొనిరి. కాలక్రమమున టోపీ, మేజోళ్లు, బూట్లు విడిచి, జుట్టు కత్తిరించుకొని, అక్కడి ఆహారమే తింటూ, మట్టి గోడల ఇంటిలో కాపురమున్నారు.

ఆ ప్రాంతమున కవల పిల్లలను గూర్చి భయంకరమైన నమ్మకము ఉండేది. కవలలలో ఒక బిడ్డ దురాత్మకు పుట్టినదనియు, అది ఏ బిడ్డయో తెలియదు గనుక ఇద్దరిని తీసివేయవలెననియు అనుకొనేవారు. పసికందులను కుండలలో క్రుక్కి అడవిలో పారవేసేవారు. తల్లిని అపవిత్రురాలని ఊరి నుండి వెళ్లగొట్టేవారు. మేరీ అమ్మగారు అట్టి బిడ్డలను ఏరి తెచ్చి తన ఇంట పెంచారు. వారిలో జేనీ అను బాలిక ఆమెకు చివరి వరకు కుడిభుజముగా నిలిచినది. జేనీ కన్నతండ్రి ఒకనాడు ఆమెను చూడవచ్చి, భయముతో దూరముగా నిలుచుండెను. అమ్మగారు బిడ్డను అతని చేతులలో పెట్టగా అతని భయము విడిపోయినది. ఆ తరువాత అతడు బిడ్డకు కానుకలు తెచ్చుచుండెను. వందసార్లు బోధించినను పోని భయము ఒక్కసారి తాకినందున పోయినది.

1888 ఆగస్టులో ఆమె తాను పెంచుచున్న పిల్లలను వెంటబెట్టుకొని, జోరువానలో పడవ మీద నదిని దాటి, అడవిదారిన నడిచి ఓకోయాంగు వారి ఎకెంగె గ్రామము చేరారు. కాలబారు వారు సహితము అడుగుపెట్టుటకు జంకే చోటు అది. తుపాకి లేని మగవాడు అక్కడ అరుదు. ఆమె వెంట పోలీసు లేడు, ఆయుధము లేదు. అప్పటికి అక్కడ ఏ దొరతనపు అధికారము కూడ లేదు. గ్రామపెద్ద ఎదెము ఆమెకు చోటిచ్చెను. అతని సోదరి మా ఎమె ఆమెకు ప్రాణస్నేహితురాలాయెను.

ఓకోయాంగువారి దృష్టిలో చావు ఎన్నడును సహజము కాదు. ఎవరో మంత్రము పెట్టినందుననే మనిషి చచ్చెనని వారి నమ్మకము. దోషి ఎవరో తేల్చుటకు ఎసెరె అను విషపు గింజను నూరి నీళ్లలో కలిపి త్రాగించేవారు. కక్కినవాడు నిర్దోషి, చచ్చినవాడు దోషి! పెద్దమనిషి చనిపోయినచో అతనికి తోడుగా దాసులను చంపి పంపేవారు.

అట్టి చోట ఎదెము కుమారుడు ఎతీము మీద ఇల్లు కట్టునప్పుడు దూలము పడినది. పెండ్లి కావలసిన యువకుడు. అమ్మగారు రెండు వారములు రాత్రింబగళ్లు పరిచర్య చేసినను బ్రతుకలేదు. మంత్రగాడు పొరుగు గ్రామము పేరు చెప్పెను. వెంటనే మనుష్యులు పరుగెత్తి దొరికిన పురుషులను, స్త్రీలను పట్టి తెచ్చి గొలుసులతో బంధించారు. పన్నెండు ప్రాణములకు గండము వచ్చినది.

ఇక్కడనే ఆమె జ్ఞానము చూడవలెను. ఆమె గుంపును తిట్టలేదు. వారి దుఃఖము నిజమైనదని ఆమెకు తెలుసు. చనిపోయిన బిడ్డకు గౌరవము కావలెనని తండ్రి కోరుచున్నాడు. ఆ గౌరవమును తానే చేయుదునని ఆమె పూనుకొనిరి. తన యొద్దనున్న మంచి బట్టలు, పట్టు గుడ్డలు తీసి శవమునకు తొడిగి, తలపాగా చుట్టి, కుర్చీలో కూర్చుండబెట్టి, పైన గొడుగు పట్టించి, ఎదుట అద్దము నిలిపారు. అట్టి వైభవము ఆ గ్రామము ఎన్నడును చూచి ఎరుగదు. జనులు సంతోషించి నాట్యమాడారు. కాని గొలుసులు ఊడలేదు. ఆమె బందీల యొద్ద కాపలా కూర్చున్నారు. పగలు ఆమె, రాత్రి వంతుల వారీగా మిషను వడ్రంగి ఒకరు. ఎదెముతో వాదించి, బ్రతిమాలి, కోపగించి, ప్రార్థించి ఒక్కొక్కరిని విడిపించారు. దినములు గడిచిన తరువాత చివరి బందీయైన ఒక స్త్రీ కూడ విడుదల పొందినది. శవపేటికతో ఒక ఆవును మాత్రమే పాతిపెట్టారు. ఓకోయాంగులో పెద్దింటివాని సమాధి నరబలి లేకుండ జరుగుట అదే మొదటిసారి.

ఈ పని ఆమె ఒంటరిగా చేసినదని తలంచరాదు. ఎక్కడైనను కీడు తలపెట్టినప్పుడు మా ఎమె రహస్యముగా ఒక సీసా పంపి మందు కావలెనని కబురు చేసేది. ఆ సీసాయే హెచ్చరిక. అమ్మగారు వెంటనే బయలుదేరేవారు. మా ఎమె బాప్తిస్మము పొందలేదు. అయినను లెక్కలేనన్ని ప్రాణములు దక్కుటలో ఆ స్త్రీ పాలు గొప్పది. దేవుడు సంఘము వెలుపలివారి చేతులను కూడ వాడుకొనునని మనము మరువరాదు.

1892లో బ్రిటిషు ప్రభుత్వము ఆమెను ఓకోయాంగులో వైస్ కాన్సలుగా నియమించి న్యాయస్థానమును అప్పగించినది. గుడిలో బోధించిన చేతులే తగవులు తీర్చినవి. పెండ్లి నిశ్చయమైన యువకుడు ఆరోగ్యము చాలక ఓకోయాంగుకు రాలేనప్పుడు ఆమె పెండ్లిని మానుకొనిరి గాని స్థలమును విడువలేదు. ఇంత శ్రమించినను, 1903లో అక్కడ మొదటి ప్రభురాత్రి భోజనము జరిగినప్పుడు బల్ల యొద్ద కూర్చున్నవారు కొద్దిమందే. వారిలో పలువురు ఆమె పెంచిన పిల్లలే. పదిహేనేండ్ల ఫలమును సభ్యత్వపు రిజిస్టరులో లెక్కించినచో చాల తక్కువ. బ్రతికియున్న పసివారిని లెక్కించినచో చాల ఎక్కువ. శతాబ్ది లెక్కలు వేసికొనుచున్న మనకు ఈ సంగతి పనికివచ్చును. తరువాత ఆమె ఇటు, అరోచుకు ప్రాంతములకు సాగిపోయి, 1915 జనవరి 13న ఊసె గ్రామములో ప్రభువునందు నిద్రించారు. కాలబారులోని డ్యూక్ టౌనులో సమాధి చేశారు.

కథ ఇంతటితో ముగిసిన బాగుండును. కాని ముగియలేదు. ఆమె కన్నుమూసిన ఆ ప్రాంతముననే, ఇటీవలి దశాబ్దములలో చిన్నపిల్లలను మంత్రగాండ్రని నిందించి కొట్టి వెళ్లగొట్టుట మొదలాయెను. ఆ నిందలు మోపినవారిలో కొందరు బోధకులే అన్నది మనలను సిగ్గుపరచు సత్యము. 2008లో అక్కడి ఆక్వా ఇబోము రాష్ట్రము దానిని నేరముగా చేసి చట్టము చేయవలసి వచ్చినది. అనగా మూఢనమ్మకము గుడి గుమ్మము దగ్గర ఆగిపోదు. క్రైస్తవ మాటలు నేర్చుకొని లోపలికి వచ్చును.

మన గ్రామములు దీనికి మినహాయింపు కావు. బాణామతి, చేతబడి అను నిందతో ముసలివారిని, విధవరాండ్రను కొట్టి, పండ్లు ఊడగొట్టి, ప్రాణములు తీసిన సంగతులు మనము ఎరిగినవే. బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు పొరుగింటి స్త్రీ వైపు అనుమానముగా చూచువారు మన సంఘములలోను ఉన్నారు. ఎవరు చేయించారని అడిగినప్పుడు, ఎవరును చేయించలేదని చెప్పి రోగిని ఆసుపత్రికి తీసికొనిపోవు పాస్టరు, పెద్ద, స్త్రీల సమాజపు సభ్యురాలు ప్రతి గ్రామమున కావలెను. గుంపు లేచిన దినమున నిందితురాలి ప్రక్కన కూర్చుండుటకు ఒక్క మనిషి చాలును. ఆ మనిషి క్రైస్తవుడై యుండవలెను.

మేరీ స్లెసరు అమ్మగారికి అట్టి మనస్సును దయచేసిన ప్రభువు, రెండవ శతాబ్దములో అడుగుపెట్టుచున్న మన డయోసిస్‌కును దానిని అనుగ్రహించును గాక. ఆమేన్.