ముద్దుపళనికి అండగా నిలిచిన బెంగళూరు నాగరత్నమ్మ గారు

బెంగళూరు నాగరత్నమ్మ గారి పేరు చెప్పగానే మనకు తిరువయ్యారు గుర్తుకొస్తుంది. త్యాగరాజస్వామి సమాధి మీద గుడి కట్టించిన మహాతల్లిగా ఆవిడ అందరికీ తెలుసు. కానీ అంతకు చాలా ముందే, మన చెన్నపట్నంలో ఉంటూనే, ఒక తెలుగు పుస్తకం కోసం ఆవిడ పడిన పాట్లు మనలో చాలామందికి తెలియవు. ముఖ్యంగా మన పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు.

నాగరత్నమ్మ గారు 1878లో మైసూరు దగ్గరి నంజనగూడులో పుట్టారు. తల్లి పుట్టలక్ష్మి దేవదాసి. బిడ్డకు సంగీతం, నాట్యంతో పాటు సంస్కృతం, కన్నడం, తెలుగు కూడా చెప్పించింది. చిన్న వయసులోనే తల్లి పోయింది. మైసూరులో, బెంగళూరులో పేరు తెచ్చుకున్నాక ఆవిడ మద్రాసు చేరారు. ఇక్కడ కచేరీలు, హరికథలతో బాగా సంపాదించారు. ఆ రోజుల్లో మద్రాసులో ఆదాయపు పన్ను కట్టిన మొదటి కళాకారిణి ఆవిడేనంటారు.

చదువుకున్న మనిషి కాబట్టి తంజావూరు కవుల చరిత్రలో ముద్దుపళని పేరు ఆవిడ కంటపడింది. ముద్దుపళని 18వ శతాబ్దంలో ప్రతాపసింహ మహారాజు ఆస్థానంలో ఉన్న కవయిత్రి, వేశ్యా కులంలో పుట్టినావిడ. రాధికా సాంత్వనం అనే శృంగార కావ్యం రాశారు. ఇళ అనే పిల్లను పెంచి, కృష్ణుడికిచ్చి పెళ్లి చేసి, ఆ తర్వాత అసూయతో కుమిలిపోయే రాధ కథ అది. ఆడదాని మనసులోని కోరికను ఆడదే దాచకుండా చెప్పిన కావ్యం.

దీన్ని 1887లో పైడిపాటి వెంకటనరసు గారు అచ్చు వేశారు. అయితే ముద్దుపళని తన వంశంలోని ఆడవాళ్ల గురించి చెప్పుకున్న పీఠిక పద్యాలను, మరికొన్ని పద్యాలను అందులో వదిలేశారు. నాగరత్నమ్మ గారు వ్రాతప్రతి సంపాదించి, అచ్చు ప్రతితో పోల్చి చూసి, పోయిన పద్యాలన్నీ చేర్చారు. 1910లో వావిళ్ళ వారు ఆ పుస్తకాన్ని ప్రచురించారు. అప్పటికి ఆవిడ వయసు 32 ఏళ్లు దాటలేదు.

కందుకూరి వీరేశలింగం గారు తన కవుల చరిత్రలో ముద్దుపళని కులాన్ని, నడవడిని తప్పుపట్టి, ఆ కావ్యంలోని కొన్ని భాగాలు ఆడవాళ్లు వినదగినవి కావన్నారు. అంతటి పెద్దాయనకు ఎదురు చెప్పడం ఆ రోజుల్లో మాటలు కాదు. ఆవిడ మాత్రం జంకకుండా తన పీఠికలో జవాబిచ్చారు. అదే రకం శృంగారమున్న వైజయంతీ విలాసాన్ని ఆయనే ఆమోదించారు కదా అని గుర్తుచేశారు. మగవాడు రాస్తే ఒప్పూ, వేశ్య రాస్తే తప్పూ ఎలా అవుతుందని నిలదీశారు.

మరుసటి ఏడు ఫిర్యాదులు వెళ్లాయి. ప్రభుత్వ అనువాదకుడు కొన్ని పద్యాలను ఇంగ్లీషులోకి మార్చి అశ్లీలమని పైకి నివేదించాడు. నేను ఉద్యోగమంతా ఫైళ్ల మధ్యే గడిపిన గుమాస్తాను. కింది వాడు రాసిన నోటు మీద పై వాడు సంతకం పెడితే ఏమవుతుందో నాకు తెలుసు. తెలుగు చదవలేని తెల్లదొరలు ఆ అనువాదాన్ని నమ్మి పుస్తకాన్ని నిషేధించారు. వావిళ్ళ వెంకటేశ్వర శాస్త్రులు గారూ పండితులూ మొరపెట్టుకున్నా లాభం లేకపోయింది. 1947లో టంగుటూరి ప్రకాశం గారి చొరవతోనే నిషేధం తొలగింది. వావిళ్ళ వారు 1952లో మళ్లీ అచ్చు వేశారు.

ఈలోగా ఆవిడ ఊరికే కూర్చోలేదు. సొంత డబ్బుతో తిరువయ్యారులో త్యాగరాజస్వామికి గుడి కట్టించి, 1926 జనవరిలో ప్రతిష్ఠ చేయించారు. ఆరాధనలో ఆడవాళ్లను పాడనివ్వకపోతే 1927 నుంచి ఆడవాళ్ల చేతే వేరుగా ఆరాధన జరిపించారు. చాలా ఏళ్లకు అందరూ ఒక్కటయ్యారు. దేవదాసీల మీద చట్టం వస్తున్నప్పుడు, మా మాట వినకుండా మా గతి ఎలా తేలుస్తారని తన వాళ్ల తరఫున అడిగారు. ఈ విషయంలో ఆవిడ పక్షం సరైనదా, ముత్తులక్ష్మి రెడ్డి గారి పక్షం సరైనదా అన్న వాదన ఇప్పటికీ ఉంది. 1952 మే 19న నాగరత్నమ్మ గారు కన్నుమూశారు. తిరువయ్యారులో స్వామికి దగ్గరలోనే ఆవిడ సమాధి ఉంది.

ఈ కథ ఇప్పుడెందుకంటే, లోకం పక్కకు నెట్టిన మనుషులు తమ ప్రేమ గురించి, తమ శరీరం గురించి రాసుకుంటే ఏం చేయాలన్న ప్రశ్న ఇంకా మన ముందుంది. అమెరికాలో స్వలింగ ప్రేమ మీద వచ్చిన పుస్తకాలకు 1971 నుంచి గ్రంథాలయ సంఘం వాళ్లు స్టోన్‌వాల్ పేరుతో బహుమతి ఇస్తున్నారు. మొదటి బహుమతి పొందిన ఇసబెల్ మిల్లర్ నవలను ఆ రచయిత్రి ముందు తన ఖర్చుతోనే అచ్చు వేసుకున్నారు. 1989లో లామ్డా బహుమతులు వచ్చాయి.

మన దగ్గరా ఒక మంచి ఉదాహరణ ఉంది. ఈ తమిళనాడులోనే పుట్టిన హిజ్రా రచయిత్రి ఎ. రేవతి గారి ఆత్మకథను పి. సత్యవతి గారు ఒక హిజ్రా ఆత్మకథ పేరుతో తెలుగు చేశారు. ఆ అనువాదానికి 2019 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ముద్దుపళని పుస్తకాన్ని పోలీసులు పట్టుకుపోయిన దేశంలోనే ఇలాంటి పుస్తకానికి ప్రభుత్వ సంస్థ పురస్కారం ఇచ్చింది. మధ్యలో వందేళ్లకు పైగా పట్టింది.

తమిళనాట మనం భాష రీత్యా అల్పసంఖ్యాకులం. మన బడి, మన పుస్తకం నిలవాలని అర్జీలు పెట్టుకుంటున్న వాళ్లం. సంఖ్య తక్కువైన వాళ్ల మాట వినమని అడిగే మనం, మరొక తక్కువ సంఖ్య వాళ్ల మాట వినకపోతే బాగుండదు. మన సంఘాలు ఉగాదికి శాలువాలు కప్పేటప్పుడు ఇలాంటి రచయితలనూ తలచుకోవాలి. కనీసం మన గ్రంథాలయాల్లో రాధికా సాంత్వనం, రేవతి గారి పుస్తకం పక్కపక్కన పెట్టాలి. నాగరత్నమ్మ గారికి మనం చేయగల సన్మానం అదే.